తుపాకీ లేని కెప్టెన్

నవంబరు మొదటి వారమంటే కృష్ణా మెట్టలో పత్తి తీతల రోజులు. అయినా నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల కతోలిక కుటుంబాలున్న ఊళ్లలో 2వ తేదీ సాయంత్రం కూలీలు పొద్దుండగానే ఇంటిదారి పడతారు. ఆ రోజు సమాధుల పండుగ. గడ్డి చెక్కి, సున్నం వేసి, బంతిపూలు పరిచిన సమాధుల మధ్య స్వామి గారు తీర్థం చల్లుకుంటూ నడుస్తారు. ఒక్కో సమాధి దగ్గర ఇంటివాళ్లు పేరు అందిస్తారు. ఆయన ఆ పేరుతో ప్రార్థన చెబుతారు. రాయి మీద పేరు లేకపోయినా ఫర్వాలేదు, కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ ముసలమ్మకు గుర్తుంటే చాలు.

1950లో సరిగ్గా అదే రోజున, ఉత్తర కొరియాలోని ఉన్సాన్ దగ్గర, ఇంకొక ఫాదర్ చావుల మధ్య తిరుగుతున్నారు. అక్కడ సమాధులు తవ్వే తీరిక ఎవరికీ లేదు. ముందు రాత్రి చైనా సేనలు అమెరికా 8వ కావల్రీ రెజిమెంట్‌ను చుట్టుముట్టాయి. తప్పించుకునే వీలున్నప్పుడే వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. కదలలేని క్షతగాత్రులు అక్కడే ఉండిపోతున్నారు మరి. తెల్లారేసరికి వాళ్లతోపాటు ఆయనా బందీ అయ్యారు.

హెర్బర్ట్ మిల్లర్ అనే సార్జెంట్ గ్రెనేడ్ దెబ్బకు చీలమండ విరిగి రోడ్డు పక్క గుంటలో పడి ఉన్నాడు. ఒక శవాన్ని మీదికి లాక్కుని దాక్కున్నాడు. చైనా సైనికుడొకడు పసిగట్టి తుపాకీ గొట్టం అతని తలకు ఆనించాడు. ఆ ఫాదర్ రోడ్డు దాటి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, తుపాకీని చేత్తో పక్కకు తోసి, మిల్లర్‌ను లేపి వీపున వేసుకున్నారు. తుపాకీ పట్టుకున్నవాడికి ఏం చేయాలో తోచలేదు. కాల్చలేదు. దించేయమని మిల్లర్ బతిమాలినా ఆయన దించలేదు. దించితే వెనకబడ్డవాణ్ని ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు.

ఆయన పేరు ఫాదర్ ఎమిల్ కపాన్. అమెరికా సైన్యంలో కెప్టెన్ హోదా. కానీ ఆయన దగ్గర తుపాకీ లేదు. ఆయన చాప్లిన్, అంటే సైనికుల మధ్య ఉండి పూజ చేసే, పాప సంకీర్తనం వినే, చనిపోయేవాడి పక్కన కూర్చునే గురువు.

ఇక్కడే ఓ చిక్కు ప్రశ్న ఉంది. చంపవద్దని చెప్పే మతానికి చెందిన గురువుకు చంపడమే పనిగా ఉన్న చోట ఏం పని? ఆయన అక్కడుండటం యుద్ధానికి దీవెన అవుతుందా, యుద్ధం మీద అభ్యంతరం అవుతుందా? కపాన్ జీవితాన్ని వట్టి వీరగాథగా చెప్పుకుంటే ఈ ప్రశ్న తప్పించుకుపోతుంది. అలా పోనివ్వకుండా అడగాల్సిన ప్రశ్న ఇది.

చాప్లిన్ అనే మాట పుట్టుకలోనే ఆ చిక్కు ఉంది. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు ఆమియాన్ పట్టణ ద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాణ్ని చూసి, తన అంగీని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడని కథ. ఆ తర్వాత అతను సైన్యం వదిలి, సన్యసించి, తూర్ నగరానికి పీఠాధిపతి అయ్యాడు. పునీత మార్టిన్ పండుగ నవంబరు 11న వస్తుంది. ఆయన అంగీ ముక్కను లాటిన్‌లో ‘కాపెల్లా’ అన్నారు. ఫ్రాంకుల రాజులు దాన్ని పవిత్ర వస్తువుగా భద్రపరచి యుద్ధాలకు వెంట తీసుకెళ్లేవారు. దాన్ని కాపాడే గురువులు ‘కాపెల్లానులు’. చాప్లిన్, చాపెల్ రెండు మాటలూ అక్కడి నుంచే వచ్చాయి. యుద్ధం వద్దనుకుని వెళ్లిపోయినవాడి అంగీ యుద్ధంలో రాజుకు రక్షరేకు అయింది! బిచ్చగాడికి దక్కిన సగం, రాజు మోసుకెళ్లిన సగం – చాప్లిన్ ఉద్యోగం ఈ రెండింటి మధ్యే నడుస్తోంది. ఎవరు ఏ సగం భుజాన వేసుకున్నారన్నదే చూడాలి.

ఈ ప్రశ్న మెట్ట సీమకు కొత్తది కాదు. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ స్తూపానికి చెందిన ఒక సున్నపురాతి పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని మీద చక్రవర్తి నిలబడి ఉంటాడు. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, మణి, రాణి, కొలువు పరివారం. చక్రవర్తి చెయ్యి మేఘాల వైపు ఎత్తి ఉంటుంది. మేఘాల నుంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. అతణ్ని మాంధాతగా పండితులు గుర్తించారు. బౌద్ధ కథలో మాంధాత భూమినంతా గెలిచి, స్వర్గానికి వెళ్లి ఇంద్రుడి సింహాసనంలో సగం పొందుతాడు. మిగతా సగం కూడా కావాలనుకున్న క్షణంలో కిందపడి చస్తాడు. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడి భిక్షువులు రాజును రాతిలో చెక్కించి, అందులో అతని పతనాన్నీ గుర్తుచేశారు. రాజుకు దణ్ణం పెడుతూనే హెచ్చరించడం ఒక పద్ధతి.

రెండో పద్ధతి కూడా ఈ ఊరి కథలోనే దొరుకుతుంది. బేతవోలు దగ్గర పేట కట్టించి దానికి తండ్రి జగ్గయ్య పేరు పెట్టినవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయన గురించి జనం ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. దోపిళ్లు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడట. ఆ తర్వాత విస్తట్లో వడ్డించిన అన్నం పురుగులై కనిపించిందట. అమరావతి చేరి, గుళ్లు కట్టించి, దానధర్మాలు చేస్తే గానీ ఆ బాధ తీరలేదట. నరుకులపాడు అనే ఊరి పేరు ఆ సంఘటనతోనే వచ్చిందంటారు. కథలో ఎంత నిజమో ఎలా ఉన్నా, అందులో మతం వచ్చింది మాత్రం చంపడం అయిపోయాకే. రక్తపు చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది. చచ్చిన చెంచుల పక్కన కూర్చున్న గురువు ఆ కథలో ఎక్కడా కనపడడు.

మూడో పద్ధతి యుద్ధం జరుగుతుండగానే, పడిపోతున్నవాడి పక్కన ఉండటం. ఆ పద్ధతి తెలుగు నేల మీదికి ఓడల్లో వచ్చింది.

ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి పుణె నుంచి హైదరాబాదు, సూర్యాపేట, నందిగామ, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. కంపెనీ కాలంలో బందరు రేవులో దిగి సికిందరాబాదు కంటోన్మెంటుకు పోవాల్సిన దండ్లకు ఆధారం ఈ దిక్కు దారులే. ఆ తెల్ల సిపాయిల్లో ఐరిష్‌వాళ్లు చాలామంది. దేశంలో తిండి లేక సైన్యంలో చేరిన పేద కతోలికులు. ఏ రాజ్యం తమ దేశాన్ని అణచిందో ఆ రాజ్యం తుపాకీనే మోస్తూ మన దేశాన్ని అణచడానికి వచ్చారు. కంపెనీ జీతమిచ్చే చాప్లిన్లు ఎక్కువగా ఆంగ్లికన్లు. కలరా సోకి చావబోతున్న ఐరిష్ కుర్రాడికి తన భాషలో, తన పద్ధతిలో అవస్థ అభ్యంగనం (చావు వేళ నూనె పూసి చేసే సంస్కారం) ఇచ్చేవాళ్లు కరువు.

ఆ కొరత తీర్చడానికి వచ్చినవారిలో ఫాదర్ డేనియల్ మర్ఫీ ఒకరు. 1815లో ఐర్లండులోని కార్క్ కౌంటీలో పుట్టారు. 1838లో గురుపట్టం అందుకుని మద్రాసు మిషన్‌కు వచ్చారు. సికిందరాబాదులో ఐరిష్ సిపాయిలకు గురువుగా ఉంటూ 1840లో సెయింట్ మేరీస్ గుడి పని మొదలుపెట్టారు. అది 1850కి పూర్తయింది. 1851లో హైదరాబాదు వికారియేట్ ఏర్పడితే దానికి తొలి అధిపతి ఆయనే. 1855లో ఆల్ సెయింట్స్ బడి పెట్టారు. ఆరోగ్యం చెడి ఇండియా వదిలాక ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌కు పీఠాధిపతి అయ్యి, 1907లో తొంభై రెండేళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

సిపాయిల కోసం కట్టిన గుడి సిపాయిలు పోయాక ఏమైంది? తెలుగువాళ్లది, తమిళులది అయింది. 2008లో దాన్ని బసిలికాగా ప్రకటించారు. మర్ఫీ ఏలుబడిలో ఉన్న ఆ వికారియేటే తర్వాత హైదరాబాదు మేత్రాసనం అయింది; దాని నుంచే కృష్ణా ప్రాంతం విడిపోయి, 1937లో బెజవాడ మేత్రాసనం అయింది. ఇవాళ నందిగామ, జగ్గయ్యపేట విచారణలు (ప్యారిష్‌లు) దాని కిందివే. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు బస్సెక్కి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చే మెట్ట కుటుంబాల విశ్వాసానికి ఉన్న అనేక వేళ్లలో ఒకటి ఆ కంటోన్మెంటు మట్టిలో దిగి ఉంది.

మర్ఫీ పరాయి సామ్రాజ్యపు సైన్యాన్ని నమ్ముకుని వచ్చిన మాట నిజం. ఆ సైన్యం కొట్టిన దెబ్బలు తిన్నవాళ్ల కోసం ఆయన గుడి కట్టలేదు. కాబట్టి ఆయన మోసిన అంగీలో రెండు సగాలూ కలిసే ఉన్నాయి. చాలామంది చాప్లిన్ల సంగతి ఇంతే. ఏదో ఒక రోజు వాళ్లు ఒకటే ఎంచుకోవాల్సి వస్తుంది, అప్పుడు తేలుతుంది.

అలాంటి రోజు ఒకటి ఫాదర్ జార్జ్ జబెల్కాకు వచ్చింది. 1945లో ఆయన పసిఫిక్ సముద్రంలోని టినియాన్ దీవిలో కతోలిక చాప్లిన్. హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు వేసిన 509వ దళం ఆయన విచారణే. ఆగస్టు 9న నాగసాకి మీద బాంబు వేసిన విమానం నడిపిన చార్లెస్ స్వీనీ కతోలికుడు. ఆ బాంబు ఉరకామి లోయ మీద పేలింది. జపాన్‌లో కెల్లా పెద్ద కతోలిక సమాజం ఉన్నది అక్కడే. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గర పడుతోంది. పెద్దగుడిలో విశ్వాసులు పాప సంకీర్తనానికి వరుసలో ఉన్నారు, గురువులు వింటున్నారు. ఎవరూ మిగల్లేదు. ఒక గుడిలో పూజ విని పెరిగినవాడు ఇంకో గుడిని కాల్చాడు.

జబెల్కా బాంబు వేయలేదు. ఎవరినీ ద్వేషించమనీ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన్ని కాల్చేసింది వేరే విషయం. ఊళ్ల మీద, పసిపిల్లల మీద బాంబులు వేయడం పాపమని తన ముందు మోకరించిన కుర్రాళ్లకు ఒక్కసారైనా చెప్పలేదు. వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మౌనం తన నేరమని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. మిగతా జీవితమంతా శాంతివాదిగా తిరిగారు, 1992లో చనిపోయారు. సైనిక గురువుల మీద వచ్చే విమర్శల్లో ఇంతకన్నా గట్టిది లేదు. పైగా ఇది బయటివాళ్లు చేసింది కాదు.

ఆ విమర్శను పక్కన పెట్టుకునే కపాన్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఆయన రైతుబిడ్డ. 1916 ఏప్రిల్ 20న కాన్సస్ రాష్ట్రంలోని పిల్సెన్ అనే పల్లెలో, చెక్ దేశం నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. మెట్ట సేద్యం తెలిసిన ఇల్లు. విరిగినదాన్ని పారేయకుండా బాగుచేసుకునే అలవాటు అక్కడే అబ్బింది. 1940లో గురువయ్యారు. 1944లో సైన్యంలో చేరి, మరుసటి ఏడాది బర్మా–ఇండియా రంగానికి వచ్చి, అడవుల్లో చెల్లాచెదురుగా ఉన్న దళాల దగ్గరికి జీపులో తిరిగి పూజలు చేశారు. యుద్ధం ముగిశాక ఇంటికి వెళ్లి చదువుకున్నారు. 1948లో మళ్లీ యూనిఫాం వేశారు. 1950 జూలైలో కొరియాలో దిగారు. జీపు బానెట్ మీద గుడ్డ పరిచి దివ్యబలిపూజ చేసేవారు.

బందీల నడక గడ్డకట్టే చలిలో రోజుల తరబడి సాగి ప్యోక్‌టాంగ్ శిబిరం దగ్గర ఆగింది. ఆ చలికాలం అక్కడ వందల మంది ఆకలికి, విరేచనాలకు, న్యుమోనియాకు చనిపోయారు. తిండి అంటే గుప్పెడు మొక్కజొన్న నూక, కొర్రలు. ఆ చోట కపాన్ ప్రసంగాలు చేయలేదు. పడిపోయిన ఇంటి కప్పు రేకు ముక్క తెచ్చి రాయితో కొట్టి కొట్టి గిన్నెలా మలిచారు. మంచు కరిగించి కాచి వేడినీళ్లు ఇచ్చారు. కదలలేనివాళ్ల మలం అంటిన బట్టలు ఉతికారు. పేలు తీశారు. రాత్రిళ్లు శిబిరం గిడ్డంగుల్లోకి దూరి ధాన్యం దొంగిలించి తెచ్చేవారు. వెళ్లేముందు సిలువ మీద క్రీస్తు పక్కన చనిపోయిన మంచి దొంగ దిస్మాస్‌కు ప్రార్థన చేసుకునేవారు.

ఇందులో ఒక్క పని దగ్గర తెలుగు పాఠకుడు ఆగాలి. రోగి మలం అంటిన బట్ట ఉతకడం. మన ఊళ్లలో ఆ పని ఎవరు చేయాలన్నది పుట్టుకతోనే రాసిపెట్టి ఉంచారు. శ్మశానాలు కూడా కులాన్ని బట్టి విడిపోయిన చోట్లు క్రైస్తవుల్లోనూ ఉన్నాయి. పూజ చేసే చెయ్యి ఒకటి, మలం తీసే చెయ్యి ఇంకొకటి అన్న లెక్క మనకు బాగా అలవాటు. కపాన్ చేసింది ఆ రెండు చేతులనూ ఒకటి చేయడం. శిబిరంలో ఆయన కెప్టెన్, పైగా గురువు. ఎవరూ చేయమని అడిగి ఉండరు.

1951 మార్చి 25న ఈస్టరు వచ్చింది. పొద్దు పొడిచేవేళ కపాన్ ఖైదీలను పాడుబడిన గుడి దగ్గరికి పోగుచేశారు. రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. కాబట్టి పూజ చేయలేదు. చేతిలో ఉన్న పుస్తకం నుంచి క్రీస్తు పాటుల కథ చదివారు, జపమాల చెప్పించారు. అక్కడున్నవాళ్లలో కతోలికులు కొందరే. ప్రొటెస్టెంట్లు, యూదులు, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. కావలివాళ్లకు అది నచ్చలేదు. కొన్ని వారాలకు కపాన్ కాలిలో రక్తం గడ్డకట్టింది, విరేచనాలు, న్యుమోనియా తోడయ్యాయి. ఆసుపత్రి పేరుతో ఉన్న ఒక గదికి తీసుకుపోయారు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రారని ఖైదీలందరికీ తెలుసు. ఏడుస్తున్నవాళ్లను ఆయనే ఓదార్చి, కావలివాళ్ల కోసం ప్రార్థించి వెళ్లారు. 1951 మే 23న చనిపోయారు. ముప్ఫై అయిదేళ్లు.

జబెల్కాకు, కపాన్‌కు తేడా ఎక్కడుంది? ఇద్దరూ ఒకే దేశపు సైన్యంలో, ఒకే మతంలో గురువులు. ఒకరు చెడ్డవారు, ఒకరు మంచివారు అనడానికి ఆధారం లేదు. జబెల్కా ఉన్నది బాంబులు బయల్దేరే చోట. అక్కడ చనిపోయేవాళ్లు కనపడరు. కపాన్ ఉన్నది అవి పడే చోట. అయితే ఆ చోటు కొంతవరకు ఆయన ఎంచుకున్నదే. ఉన్సాన్‌లో వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. గురువు గెలిచే పక్క నిలబడితే అతని నోరు మూతపడటం తేలిక. గాయపడ్డవాడి పక్క నిలబడితే ఏమీ చెప్పకపోయినా అతని పని యుద్ధాన్ని ప్రశ్నిస్తుంది.

చట్టం కూడా ఈ తేడాను కొంత గుర్తించింది. 1949 జెనీవా ఒప్పందాల ప్రకారం సైనిక గురువుకు ఎప్పుడూ రక్షణ ఉండాలి. శత్రువు చేతికి చిక్కినా అతను యుద్ధఖైదీ కాడు. ఖైదీలకు గురువు అవసరం ఉన్నంతవరకే అతణ్ని అట్టిపెట్టుకోవచ్చు. కపాన్ చిక్కేనాటికి ఆ ఒప్పందం వయసు ఏడాది పైచిలుకు. కాగితం ఆయన్ని కాపాడలేదు. కానీ గురువు ఏ సైన్యపు యూనిఫాం వేసుకున్నా ఆ సైన్యానికి ఆస్తి కాడన్న మాట కాగితం మీదికి ఎక్కింది.

భారత సైన్యంలో ఈ ఉద్యోగం వేరే రూపంలో ఉంది. మన దగ్గర గురువులకు పూర్తి ఆఫీసరు హోదా లేదు. జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుగా, రెలిజియస్ టీచర్ పేరుతో తీసుకుంటారు. పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు – ఇలా వేర్వేరు విభాగాలు. పాద్రీ కావాలంటే తన సంఘం చేతుల మీదుగా గురుపట్టం పొంది, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో ఉండాలి. నియామక ప్రకటనలో రాసే విధుల పట్టిక చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అంత్యక్రియలకు హాజరవడం, ఆసుపత్రిలో రోగులను చూడటం, కోలుకుంటున్నవాళ్లతో ప్రార్థనలు చదవడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను పలకరించడం, పిల్లలకు బోధించడం. విజయం కోసం పూజ చేయాలన్న మాట అందులో లేదు. చావు, జబ్బు, జైలు – ఈ మూడు చోట్లే ఎక్కువ.

చాలా దళాల్లో సర్వ ధర్మ స్థల్ ఉంటుంది. ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనలు. అక్కడా రాపిడి లేకపోలేదు. సిక్కు సైనికులకు నాయకత్వం వహిస్తూ, రెజిమెంటు గుడి, గురుద్వారాల గర్భగృహంలోకి వెళ్లి పూజలో పాల్గొనడానికి తన విశ్వాసం ఒప్పుకోదన్న ఒక క్రైస్తవ అధికారిని 2021లో సర్వీసు నుంచి తొలగించారు. ఢిల్లీ హైకోర్టు 2025 మేలో, సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో ఆ తొలగింపును సమర్థించాయి. అధికారి తన సైనికుల దేవుడి ముందు ఎంత దూరం వెళ్లాలన్నది ఆ వ్యాజ్యం. కపాన్ శిబిరంలో ఈ ప్రశ్న ఇంకో వైపు నుంచి తీరింది. యూదుడి దగ్గరికి, నాస్తికుడి దగ్గరికి ఆయనే గిన్నె పట్టుకుని వెళ్లారు. వాళ్లెవరినీ తన దేవుడి ముందుకు రమ్మని షరతు పెట్టలేదు. గర్భగృహం దాకా ఎవరు రావాలన్న తగాదా అన్నం, నీళ్లు ఇచ్చే చోట పుట్టలేదు.

మతం, సైన్యం ఒకే మనిషిలో కలవడం మన బెజవాడ–హైదరాబాదు దారికీ తెలుసు. 1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి కదిలి కోదాడ మీదుగా నిజాం రాజ్యంలోకి వెళ్లిన భారత సేనకు అధిపతి మేజర్ జనరల్ అజిత్ అనిల్ రుద్ర. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయిన సుశీల్ కుమార్ రుద్ర కొడుకు, క్రైస్తవుడు. నందిగామ తాలూకాలో భాగమైనా చుట్టూ నిజాం ఇలాకా ఉన్న మునగాల పరగణా ప్రజలు, రజాకార్ల దాడులకు ఇల్లు వదిలి సరిహద్దు దాటివచ్చిన ప్రజలు ఆ సేన కోసం ఎదురుచూశారు. సైన్యం రావడం ఎంత పెద్ద ఊరటో ఈ ప్రాంతం పెద్దవాళ్లు చెప్పగా విన్నదే. అందుకే యుద్ధాలన్నీ ఒకటే, గురువు ఏ సైన్యంలోనూ ఉండకూడదు అని ఇక్కడ తేలిగ్గా అనలేం. సైన్యం అవసరమైన రోజులున్నాయి. ఆ రోజుల్లో కూడా పడిపోయినవాడు ఏ వైపువాడైనా పడిపోయినవాడే, వాడి దగ్గరికి ఒకరు వెళ్లాలి.

అలా వెళ్లినవారిలో ఇంకొకరు ఫాదర్ విన్సెంట్ కపొడానో. తైవాన్‌లో మిషనరీగా పనిచేసి, వియత్నాం యుద్ధంలో మెరైన్ల చాప్లిన్ అయ్యారు. 1967 సెప్టెంబరు 4న క్వే సాన్ లోయలో చెయ్యి, కాలు గాయపడినా వెనక్కి వెళ్లకుండా, మెషిన్‌గన్‌కు ఎదురుగా పడిపోయిన వైద్య సిబ్బంది కుర్రాడి దగ్గరికి పరుగెత్తి, అక్కడే కూలిపోయారు.

కపాన్ చనిపోయిన తర్వాత ప్యోక్‌టాంగ్ శిబిరానికి జెరాల్డ్ ఫింక్ అనే మెరైన్ పైలట్‌ను తెచ్చారు. అతను యూదుడు. కపాన్‌ను చూడనే లేదు. ఖైదీల నోట విన్నాడు, అంతే. పొయ్యిలోకి తెచ్చిన కట్టెల్లోంచి ఏరుకుని, దొంగచాటుగా తయారుచేసుకున్న కత్తితో నెలల తరబడి చెక్కి, దాదాపు నాలుగడుగుల సిలువ చేశాడు. దాని మీద క్రీస్తు రూపం. 1953లో విడుదలైన ఖైదీలు ఆ సిలువను భుజాన మోసుకుని బయటికి వచ్చారు. అది ఇప్పుడు విచిటా నగరంలో కపాన్ పేరున్న పాఠశాలలో ఉంది.

ఆ శిబిరం నుంచి తెచ్చిన ఎముకల్లో ఏవి కపాన్‌వో తెలియలేదు. హవాయి సైనిక శ్మశానంలో పేరు తెలియని సైనికుల మధ్య దశాబ్దాల పాటు ఆయన్ని పూడ్చి ఉంచారు. 2021 మార్చిలో పరీక్షలు చేసి గుర్తించారు. అదే ఏడాది సెప్టెంబరు 29న విచిటాలో అంత్యక్రియలు చేసి, పెద్దగుడిలో పేరు రాసిన రాయి కింద ఉంచారు. పునీత పట్టానికి తొలి మెట్టుగా 1993లో ఆయన్ని దైవసేవకుడిగా ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని గౌరవనీయుల జాబితాలో చేర్చారు. ఇతరుల కోసం ప్రాణం అర్పించినవారికంటూ 2017లో ఏర్పాటైన దారిలో ఆ నిర్ణయం జరిగింది. ధన్యుడని ప్రకటించాలంటే ఆయన ప్రార్థనతో జరిగిన ఒక అద్భుతాన్ని రోమ్ ఆమోదించాలి. దాని విచారణ పద్ధతి దానికుంది.

2013 ఏప్రిల్ 11న వైట్‌హౌస్‌లో కపాన్‌కు అమెరికా అత్యున్నత సైనిక పతకం ప్రదానం చేశారు. ఆయన తరఫున తమ్ముడి కొడుకు అందుకున్నాడు. ఆ గదిలో కూర్చున్న ముసలివాళ్లలో హెర్బర్ట్ మిల్లర్ ఒకడు.